రొక్కం తిరిగే దారి

నంద్యాల, ఆళ్లగడ్డ టిఫిన్ బండ్ల దగ్గర పొద్దున్నే అమ్ముడుపోయే ఉగ్గాని-బజ్జీ ప్లేటును వ్యాపారి కళ్లతో ఒకసారి చూడండి. బొరుగులు వరివి. వాటికి పట్టిన రంగు పసుపుది. పైన చల్లిన పుట్నాల పొడి శనగది. పక్కనున్న మిరపకాయ బజ్జీకి పూసిన పిండి కూడా శనగదే. కేసీ కాలువ కింద వరి పండుతుంది. ఆళ్లగడ్డ, చాగలమర్రి వైపు పసుపు పండుతుంది. కోయిలకుంట్ల, సంజామల, అవుకు నల్లరేగళ్లలో శనగ పండుతుంది. ప్లేటులో ఉన్నవన్నీ మన చుట్టుపక్కల పంటలే. మరి ఆ పిండి, ఆ పొడి ఎవరు తయారుచేసినవి? ప్యాకెట్టు మీద ఏ ఊరి పేరుంది?

చిన్న వ్యవసాయ వ్యాపారం మొదలుపెట్టాలనుకునే వాళ్లు సాధారణంగా యంత్రం దగ్గర మొదలుపెడతారు. ఏ మిల్లు కొనాలి, ఎంత సబ్సిడీ వస్తుంది, షెడ్డు ఎన్ని అడుగులు వేయాలి అని ఆలోచిస్తారు. మీరు మాత్రం బండి దగ్గర మొదలుపెట్టండి. "అక్కా, పిండి యాడ తెచ్చుకుంటావు? కిలో ఎంత పడుతుంది? వారానికి ఎన్ని కిలోలు పడుతుంది? డబ్బులు అప్పుడే కడతావా, అరువా?" అని అడిగి నాలుగు జవాబులూ రాసుకోండి. ఇలా పది బండ్లు, రెండు మెస్సులు, ఒక స్వీటు అంగడి తిరిగితే ఏ కన్సల్టెంటూ రాసివ్వలేని మార్కెట్ సర్వే మీ చేతిలో ఉంటుంది. ఖర్చు ఒక నోటుపుస్తకం, రెండు పూటల తిరుగుడు.

ఈ అధ్యాయం రాయడానికి కారణం నాలుగో ప్రశ్న. పల్లెల్లో పెట్టిన చిన్న వ్యాపారాల్లో చాలావాటికి మార్జిన్ బాగానే ఉంటుంది, సరుకూ బాగానే ఉంటుంది. అయినా రెండో ఏడాదికి తాళం పడుతుంది. డబ్బు సరుకులోనో, అరువులోనో, వాడకం లేని యంత్రంలోనో ఇరుక్కుపోతుంది. కాబట్టి నిలబడే వ్యాపారానికి మొదటి పరీక్షగా నేను పెట్టేది ఒకటే: పెట్టిన రూపాయి ఎన్ని రోజులకు తిరిగి చేతికొస్తోంది?

రేగడిలో జరిగిన కథ

శనగ కథ తెలిస్తే ఈ మాట ఎందుకంటున్నానో అర్థమవుతుంది. 1990ల చివరి దాకా శనగ ఆంధ్రప్రదేశ్‌లో పెద్ద పంట కాదు. రబీలో రేగళ్లన్నీ జొన్న, పొద్దుతిరుగుడు, పొగాకు, పత్తితో నిండి ఉండేవి. తర్వాత జెజి-11 వచ్చింది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పరిశోధన సంస్థ, జబల్‌పూర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం కలిసి రూపొందించిన ఈ రకం 1999లో విడుదలైంది. తక్కువ రోజుల్లో కోతకు వస్తుంది, ఎండుతెగులును తట్టుకుంటుంది, వాన వెనకబడినా నేలలో మిగిలిన తేమతో గట్టెక్కుతుంది. ఇక్రిశాట్ లెక్కల ప్రకారం 1999 నుంచి 2009 వరకు పదేళ్లలో రాష్ట్రంలో శనగ విస్తీర్ణం కొన్ని రెట్లు పెరిగి 6 లక్షల హెక్టార్లకు చేరింది. హెక్టారు దిగుబడి 583 కిలోల నుంచి 1,407 కిలోలకు పెరిగింది. ఇంత తక్కువ కాలంలో ఒక మెట్ట పంట ఇంతగా పెరగడం దేశంలోనే అరుదు. నంద్యాల ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం కూడా తన శనగ రకాలు తెచ్చింది. యంత్రంతో కోయడానికి వీలుగా నిటారుగా పెరిగే ఎన్‌బీఈజీ-47, అంటే రైతులు 'ధీర' అని పిలుచుకునే రకం, వాటిలో ఒకటి.

పంట గెలిచింది కానీ వ్యాపారం తడబడింది. అక్టోబరు, నవంబరుల్లో అందరూ ఒకేసారి విత్తుతారు కాబట్టి జనవరి, ఫిబ్రవరి నెలల్లో అందరి కల్లాలూ ఒకేసారి నిండుతాయి. ధర ఎప్పుడు పడుతుందో అప్పుడే మన సరుకు మార్కెట్టుకు చేరుతుంది. అందుకని కాస్త స్తోమత ఉన్న రైతులు సరుకు గోదాముల్లో పెట్టి, దాని మీదే అప్పు తెచ్చుకుని, ధర కోసం ఎదురుచూశారు. కొన్నేళ్లు ఆ ఆట ఫలించింది. 2013, 2014 ప్రాంతంలో ధర పడిపోయినప్పుడు కర్నూలు, ప్రకాశం జిల్లాల గిడ్డంగుల్లో బస్తాలు పేరుకుపోయాయి. వడ్డీ పెరిగింది, అద్దె పెరిగింది, మరో పంట కల్లానికొచ్చింది, బ్యాంకులు వేలం మాట ఎత్తాయి. సరుకు పాడవలేదు, పురుగు పట్టలేదు. రైతు దగ్గర ఆస్తి ఉంది, చేతిలో మాత్రం డబ్బు లేదు.

సరుకు నిల్వ పెట్టడం తప్పని నేననడం లేదు. మొత్తం సరుకును ఒకే ఆశ మీద, అదీ అప్పు తెచ్చి, నిల్వ పెట్టడం చిన్నవాడు మోయగలిగే బరువు కాదు. ధర ఎప్పుడు పెరుగుతుందో పెద్ద వ్యాపారికీ తెలియదు. తెలియకపోయినా ఆరు నెలలు ఆగగల ఓపిక అతనికుంది. మనకు లేదు. ఆ తేడా ఒప్పుకుని వ్యాపారం కట్టుకోవాలి.

ఒకే సరుకు, రెండు లెక్కలు

అంకెలతో చూద్దాం. ధరలు రోజుకో రకంగా ఉంటాయి కాబట్టి ఇవి లెక్క కోసం పెట్టుకున్నవి. మీ ఊరి ధరలు వేసుకుని మళ్లీ చేసి చూడండి.

2025-26 రబీ మార్కెటింగ్ కాలానికి కేంద్రం ప్రకటించిన శనగ మద్దతు ధర క్వింటాకు 5,650 రూపాయలు. 10 క్వింటాళ్లు ఆ ధరకు కొన్నారనుకుందాం. 56,500 అయింది. శనగ మీ సొంత చేనిదే అయినా ఇదే ధర వేసుకోండి. 'మన పంటే కదా' అని సున్నా వేసుకునే వాళ్లు చేను సంపాదించినదాన్ని వ్యాపారం సంపాదించినట్టు భ్రమపడతారు. మిల్లు ఆడించడం, పిండి పట్టించడం, సంచులు, ఆటో బాడుగ కలిపి 6,000 వేద్దాం. చేతి నుంచి కదిలిన మొత్తం 62,500. వందకు 75 చొప్పున 750 కిలోల బేడలు దిగి పిండి అయ్యాయి. పొట్టు, నూక రెండు క్వింటాళ్లను పశువుల దాణాకు కిలో 20కి అమ్మితే 4,000 తిరిగొచ్చింది. అంటే పిండి కిలో 78 రూపాయలు పడింది. 88కి అమ్మితే 66,000 వస్తుంది. మిగులు 7,500.

ఇప్పుడు ఇద్దరు మనుషులు. ఇద్దరిదీ ఇదే సరుకు, ఇదే ధర, ఇదే మిగులు. ఇద్దరూ నూటికి రెండు రూపాయల వడ్డీకి డబ్బు తెచ్చారు. నెలకు వడ్డీ 1,250. మొదటి మనిషి నెలలో సరుకు అమ్మి, నెలలోనే డబ్బు వసూలు చేసుకున్నాడు. వడ్డీ పోగా నెలకు 6,250 మిగిలింది. ఏడాదికి 75,000. రెండో మనిషి మంచి పేరున్న పెద్ద అంగడికి సరుకంతా అరువు మీద వేశాడు. డబ్బు మూడు నెలలకు వచ్చింది. వడ్డీకి 3,750 పోయి చేతిలో 3,750 మిగిలింది. ఏడాదికి అలాంటి తడవలు నాలుగే. మొత్తం 15,000.

75,000కీ 15,000కీ మధ్య తేడా తెచ్చింది నాణ్యత కాదు, బ్రాండు కాదు, ఫేస్‌బుక్ ప్రకటన కాదు. డబ్బు తిరిగిన వేగం. ఈ ఒక్క లెక్క మీ చేత్తో మీరు వేసుకున్న రోజున పెద్ద అంగడి ఆర్డరు చూసి మురిసిపోవడం తగ్గుతుంది, చిన్న బండి మీద గౌరవం పెరుగుతుంది. నెలకు 750 కిలోలంటే రోజుకు 25 కిలోలు. రోజుకు రెండున్నర కిలోల పిండి వాడే బండ్లు పది ఉంటే చాలు.

బండి అక్క కూడా అరువు అడుగుతుంది. అడగాలి కూడా, ఆమెదీ వ్యాపారమే. దానికి పల్లె అంగళ్లలో ఎప్పటి నుంచో నడుస్తున్న పద్ధతి ఉంది: పాత సంచి డబ్బు ఇచ్చాకే కొత్త సంచి దించడం. ఒక సంచి ఎప్పుడూ ఆమె దగ్గర అరువు మీద ఉంటుంది, రెండోది ఉండదు. ఇది మొదటి రోజే నవ్వుతూ, స్పష్టంగా చెప్పండి. మొహమాటపడి తర్వాత చెబుదామనుకుంటే ఆ 'తర్వాత' తగువుతోనే వస్తుంది.

ఇంకో జాగ్రత్త. వ్యాపారం డబ్బుకు వేరే బ్యాంకు ఖాతా, వేరే ఫోన్‌పే పెట్టుకోండి. ఇంట్లో పెళ్లికి, బడి ఫీజుకు, చేనికి మందుకు ఆ ఖాతాలోంచి తీయాల్సివస్తే తీయండి, కానీ తీసిన ప్రతి రూపాయీ రాసి తీయండి. మీకూ నెలకింత అని జీతం రాసుకోండి. ఎంత చిన్నదైనా సరే. మీ కష్టానికి కూలి వేయని లెక్కలో లాభం కనిపిస్తే దాన్ని నమ్మకండి.

తేమ, పురుగు, పేరు

పిండి నెలల తరబడి నిల్వ ఉండదు. వానాకాలంలో ముక్కిపోతుంది, పురుగు పడుతుంది. అందుకే నిల్వ శనగగానే ఉండాలి, పిండి వారం వారం పట్టించాలి. శనగకు పెద్ద శత్రువు పుచ్చు పురుగు. గింజ మీద గుడ్డు పెడుతుంది. పిల్ల పురుగు లోపలికి తొలుచుకుపోయి తిని, పెద్ద పురుగై గుండ్రటి కన్నం చేసుకుని బయటికొస్తుంది. కన్నం మీ కంటపడేసరికి తర్వాతి తరం సిద్ధంగా ఉంటుంది.

దీనికి మందు గోళీల అవసరం లేని ఉపాయం ఒకటి ఆఫ్రికా నుంచి వచ్చింది. కామెరూన్‌లో అలసంద రైతులతో కలిసి 1980ల చివర్లో అమెరికాలోని పర్‌డ్యూ విశ్వవిద్యాలయం వాళ్లు మూడు పొరల సంచి రూపొందించారు. లోపల రెండు మందపాటి ప్లాస్టిక్ పొరలు, బయట మామూలు నేత సంచి. ఒక్కో పొరనూ విడివిడిగా మెలితిప్పి, మడిచి, గట్టిగా కట్టాలి. లోపలున్న కాస్త గాలిలోని ఆక్సిజన్‌ను పురుగులే వాడేసుకుంటాయి. అది అయిపోయాక తినడం మానేస్తాయి, గుడ్లు పెట్టవు, చస్తాయి. గాలి చొరని ఇలాంటి సంచులు ఇప్పుడు మన దగ్గరా దొరుకుతున్నాయి. మామూలు గోనె కంటే ఖరీదే, కానీ చిరగకుండా చూసుకుంటే మళ్లీ వాడుకోవచ్చు.

ఏ సంచి వాడినా ముందు గింజ ఎండాలి. పంటి కింద పెడితే నొక్కుకుపోకుండా టప్పున విరగాలి. అనుమానముంటే పొడి గాజుసీసాలో పిడికెడు గింజలు, కాస్త పొడి ఉప్పు వేసి బాగా కుదపండి. ఉప్పు సీసా గోడలకు అంటుకుంటే గింజలో తేమ ఇంకా 15 శాతం పైనే ఉన్నట్టు లెక్క. మళ్లీ ఎండబెట్టాలి.

పసుపుకు ఈ ఓపిక ఇంకా ఎక్కువ కావాలి. ఎనిమిది, తొమ్మిది నెలలు నేలలో ఉండే పంట. తవ్వాక ఉడకబెట్టాలి, ఎండబెట్టాలి, మెరుగుపట్టాలి. ఉడికేటప్పుడు నురుగు పైకి తేలి, తెల్లటి ఆవిరి వచ్చి, పసుపు వాసన గుప్పుమనాలి. పుల్ల గుచ్చితే మెత్తగా దిగాలి. తక్కువ ఉడికితే ఎండిన కొమ్ము పెళుసుగా ఉంటుంది, ఎక్కువైతే రంగు చెడుతుంది. పది, పదిహేను రోజుల ఎండ తగలాలి, రాత్రుళ్లు కప్పి ఉంచాలి. బాగా ఎండిన కొమ్మును విరిస్తే లోహం మీద దెబ్బ పడ్డట్టు ఖంగుమంటుంది. వంద కిలోల పచ్చి పసుపు ఎండితే మిగిలేది ఇంచుమించు 20 కిలోలు. ఇంత శ్రమపడ్డాక కొమ్ములన్నీ దుగ్గిరాలకో కడపకో పంపి, ఆ రోజు ఎంత పలికితే అంతకు ఇచ్చి రావడం చాలామందికి తప్పడం లేదు. పసుపుకు కేంద్రం ప్రకటించే మద్దతు ధర కూడా లేదు.

మీ పసుపులో ఐదో వంతు, అంతకు మించకుండా, పొడిగా అమ్మి చూడండి. ఐదో వంతే అనడానికి కారణం మీకిప్పటికే తెలుసు. మిగతా నాలుగు వంతులు అమ్మగా వచ్చిన డబ్బుతో చేను అప్పు తీరాలి, ఇల్లు గడవాలి. పొడి అమ్మకం ఒక ఏడాది దెబ్బతిన్నా కుటుంబం దెబ్బతినకూడదు.

పసుపు పొడిలో అమ్ముడుపోయేది నమ్మకం. బంగ్లాదేశ్‌లో జరిగిందొకటి చెప్పాలి. కొమ్ములకు మెరుగు పట్టేటప్పుడు నిగారింపు కోసం లెడ్ క్రోమేట్ అనే పసుపు రంగు కలిపేవారు. దానిలోని సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. పరిశోధకులు 2019లో మార్కెట్ నమూనాలు పరీక్షిస్తే 47 శాతం వాటిలో సీసం కనిపించింది. ప్రభుత్వం దాడులు చేసింది, జరిమానాలు వేసింది, పత్రికలు రాశాయి. 2021 నాటికి అది సున్నాకు వచ్చింది. మెరిసే కొమ్ము కావాలని కొనేవాడు కోరినందుకే అక్కడ ఆ రంగు కలిసింది. మీ పసుపు కాస్త మెరుపు తగ్గి, మట్టిరంగు తిరిగి ఉంటే దాచకండి. కొమ్ములు తూచి, కొనేవాళ్ల కళ్ల ముందే మర పట్టించి ఇవ్వండి. సంత రోజున ఇలా అమ్మేవాళ్లకు వేరే ప్రకటన అక్కర్లేదు.

ప్యాకెట్లు కట్టే నాటికి కాగితాలూ కావాలి. ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ దగ్గర చిన్న వ్యాపారులకు రిజిస్ట్రేషన్ రుసుము ఏడాదికి 100 రూపాయలే. చిన్న వ్యాపారంగా గుర్తింపునిచ్చే ఉద్యమ్ నమోదు ఉచితం. ప్యాకెట్టు మీద నికర బరువు, ధర, కట్టిన నెల, మీ చిరునామా, ఫిర్యాదుకు ఫోన్ నంబరు ఉండాలి. వీటికి మధ్యవర్తులకు వేలు పోయకండి. మీ ఊళ్లో డిగ్రీ చదివే పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుంటే ఒక మధ్యాహ్నం పని. ధ్రువీకరణ లేకుండా 'ఆర్గానిక్' అని మాత్రం రాయకండి. 'మందు కొట్టకుండా పండించాం' అన్నది నిజమైతే నోటితో చెప్పండి, చేను చూపించండి.

యంత్రం కొనే రోజు

2020లో మొదలైన కేంద్ర పథకం పీఎంఎఫ్‌ఎంఈ కింద చిన్న ఆహార శుద్ధి యూనిట్లకు 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల సబ్సిడీ ఉంది. మహిళా సంఘ సభ్యులకు ఒక్కొక్కరికి 40,000 దాకా మూలధనం ఇచ్చే ఏర్పాటూ దానిలో ఉంది. మంచి పథకమే. ఏ ఏడాది నిబంధనలు ఆ ఏడాది అడిగి తెలుసుకోండి. ఆ సబ్సిడీ డబ్బు మొదటి రోజే మీ చేతికి రాదని గుర్తుంచుకోండి. బ్యాంకులో మీ పేర ఉండి, మూడేళ్ల తర్వాత, యూనిట్ నడుస్తూ అప్పు సక్రమంగా కడుతుంటేనే సర్దుబాటవుతుంది. మొదటి మూడేళ్లు వాయిదాలు కట్టాల్సింది మీరే.

కాబట్టి కనీసం ఒక పంట కాలం అద్దె మిల్లులో ఆడించుకోండి. కిలోకు కూలి ఎక్కువ పడుతుందని బాధపడకండి. మీ మార్కెట్ ఎంతో తెలుసుకోవడానికి కట్టే ఫీజు అది. రోజూ నాలుగైదు గంటలు యంత్రం తిరిగేంత గిరాకీ నోటుపుస్తకంలో కనిపించిన రోజున కొనండి. యంత్రం నెలకు పది రోజులు ఖాళీగా ఉంటుందంటే ఆ రోజుల్లో మిగతా రైతుల సరుకు కూలికి ఆడించి పెట్టాలి. అదీ కుదరకపోతే ఇంకా టైము రాలేదన్నమాట.

ఒక్కరే మోయలేని పనులకు గుంపు కావాలి. గుంపుగా పనిచేయడానికి చట్టాలు ఎప్పటి నుంచో ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్ 1995లోనే పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం తెచ్చింది. ప్రభుత్వ వాటా, పెత్తనం లేకుండా సభ్యులే నడుపుకునే సహకార సంఘాలకు దేశంలో దారి చూపిన చట్టమది. దాని కిందే అనంతపురం వైపు చెన్నేకొత్తపల్లి ప్రాంతంలో టింబక్టు కలెక్టివ్ తోడ్పాటుతో 2008లో 'ధరణి' రైతుల సంఘం ఏర్పడింది. మెట్ట రైతులు మందులు లేకుండా పండించిన కొర్రలు, వేరుశనగ కొని, శుద్ధి చేసి అమ్ముతుంది. మనకంటే వాన తక్కువ పడే నేల అది. దానికి దగ్గరి బంధువు లాంటి అనుభవం మన పక్కనే ఉంది. ఓర్వకల్లులో 1990ల నడుమ ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం అండతో పొదుపు సంఘాలు కట్టుకున్న ఆడవాళ్లు లెక్కల పుస్తకం, నెల నెలా సమావేశం, సమయానికి బాకీ చెల్లింపు అనే మూడింటినీ పట్టుదలగా అలవాటు చేసుకున్నారు. ఇప్పుడు రైతు ఉత్పత్తిదారుల సంస్థ పెట్టండని అందరూ చెబుతున్నారు. 300 సంతకాలు సేకరించడం తేలికే. లెక్కల పుస్తకం అందరి ముందూ చదివి వినిపించే అలవాటు కావడం కష్టం. ఆ అలవాటు పదిమందిలో కుదిరాకే వందమందిని పిలవండి.

రొక్కం తిరగాలంటే పశువును మరచిపోకూడదు. నంద్యాలలో విజయ డెయిరీ ఉంది, పల్లెల్లో పాల కేంద్రాలున్నాయి. పాల బిల్లు పది, పదిహేను రోజులకోసారి వస్తుంది, ఏ పంటా అలా ఇవ్వదు. శనగ పొట్టు ఇంటి బర్రెలకే వేస్తే దాణా ఖర్చు తగ్గుతుంది. పిండి వ్యాపారంలో వసూళ్లు ఆలస్యమైన నెలలో కరెంటు బిల్లు, ఆటో బాడుగ ఆ పాల డబ్బుతో గడుస్తాయి. రెండు బర్రెలు చాలు. పది కొని పచ్చిమేత కోసం బోరు వేస్తే అది వేరే వ్యాపారం, వేరే అప్పు.

పనివాళ్ల సంగతి ఒక్క మాటలో తేల్చేస్తాను. నంద్యాల చుట్టుపక్కల సీడ్ పత్తి చేలల్లో పూలకు పుప్పొడి అద్దే పనికి బడి ఈడు ఆడపిల్లలను పెట్టుకోవడం మీద పరిశోధకులు ఇరవై ఏళ్ల కిందటే పుస్తకాలకు పుస్తకాలు రాశారు. వాళ్ల కూలి తక్కువ కాబట్టే లాభం మిగిలే వ్యాపారమైతే అది మొదలుపెట్టకండి.

నేల కూడా భాగస్వామే

ఏటా అదే చేలో శనగ మీద శనగ వేస్తే నేల జబ్బు పడుతుంది. ఎండుతెగులు, ఎండు వేరుకుళ్లు శిలీంద్రాలు నేలలోనే ఉండిపోయి పెరుగుతాయి. పూత, కాయ సమయంలో ఎండ ముదిరి తేమ తగ్గితే వేరుకుళ్లు ఇంకా రెచ్చిపోతుంది. మీ సరుకంతా ఆ చేను నుంచే రావాలి కాబట్టి ఇది వ్యాపారం సమస్యే. మూడేళ్లలో ఒకసారైనా జొన్నకో కొర్రకో మార్చండి. నంద్యాల పరిశోధన స్థానం ఈ రెండు పంటల్లోనూ పేరున్నది. తెల్లజొన్నలో ఎన్‌టీజే రకాలు అక్కడివే. అక్కడి కొర్ర రకం ఒకదాని పేరు 'సూర్యనంది', నవనందుల్లో ఒక క్షేత్రం పేరు. కొర్రబియ్యం అమ్మాలనుకునే వాళ్లు ఒకటి గమనించండి. తవుడు తీయని కొర్రబియ్యం తొందరగా ముక్కవాసన పడతాయి. పొట్టుతో ఉన్న కొర్రలు నిల్వ పెట్టి, ఆర్డరుకు తగ్గట్టు ఆడించి ఇవ్వాలి. వ్యాపార సూత్రం పిండిదే.

విత్తనం మీదా మీ చేతిలో ఒక చిన్న ఆదాయం ఉంది. ఏ చేలో మొక్కలు తెగులు లేకుండా, ఒకే తీరుగా ఉన్నాయో ఆ మడి గింజలు విడిగా కల్లం చేసి, కలవకుండా సంచుల్లో కట్టి పెట్టండి. 2001లో వచ్చిన మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం రైతు తన పంట నుంచి తీసిన విత్తనాన్ని దాచుకోవచ్చని, ఇచ్చిపుచ్చుకోవచ్చని, బ్రాండు ముద్ర వేయకుండా అమ్ముకోవచ్చని చెబుతోంది. అక్టోబరు ముందు ఊళ్లో విత్తనానికి మామూలు శనగ కంటే మంచి ధర ఉంటుంది, కొనేవాళ్లు రొక్కం ఇస్తారు. కానీ అమ్మే ముందు సెప్టెంబరులో పరీక్ష తప్పనిసరి. ఒక్కో బస్తా నుంచి వంద గింజలు ఏరకుండా తీయండి. తడిపి పిండిన గోనెగుడ్డ మీద వరుసగా పేర్చి, చుట్టి, నీడన పెట్టి రోజూ నీళ్లు చల్లండి. వారం తర్వాత విప్పి బాగా మొలిచినవి లెక్కపెట్టండి. ధ్రువీకరించిన శనగ విత్తనానికి ప్రమాణం 85. అంతకు తగ్గితే ఆ బస్తా మీద గుర్తు పెట్టి బేడలకు పంపండి, విత్తనమని ఎవరికీ అంటగట్టకండి. ఎందుకు మొలవలేదో తెలుసుకోవాలంటే నంద్యాల పరిశోధన స్థానానికో, బనగానపల్లె దగ్గరి యాగంటిపల్లె కృషి విజ్ఞాన కేంద్రానికో పిడికెడు గింజలు పట్టుకెళ్లండి. వెళ్లేటప్పుడు చేను మట్టి అరకిలో కూడా తీసుకెళ్తే రెండు పనులూ ఒకే బస్సు చార్జీలో అయిపోతాయి.